సమాంతరం అనే మాటలో ఏముంది?

రెండు సమాంతర రేఖల్ని ఒక గీత ఖండిస్తే ఏకాంతర కోణాలు సమానం. ఏడో తరగతి నుంచి ఈ వాక్యం మనకు కంఠతా వచ్చు. దీని మీద వంద లెక్కలు చేశాం, మార్కులూ తెచ్చుకున్నాం. ఇప్పుడు ఎవరైనా ఆపి "ఎందుకు సమానం?" అని అడిగితే? మనలో చాలామంది "జెడ్ ఆకారం కదా" అంటాం. ఆకారం గుర్తుపట్టడానికి పనికొస్తుంది కానీ అది కారణం కాదు.

ఈ వ్యాసంలో ఆ 'ఎందుకు' చూద్దాం. కొత్త ఫార్ములా ఏదీ రాదు. పాత నియమాన్నే రెండు ముక్కలుగా విడదీస్తాం. ఒక ముక్కను తేలిగ్గా నిరూపించవచ్చు. రెండోదాన్ని నిరూపించబోయి రెండు వేల ఏళ్ళ పాటు గణితవేత్తలు తల పట్టుకున్నారు. తమాషా ఏమిటంటే, ఆ చిక్కుముడి అంతా 'సమాంతరం' అన్న మన మాటలోనే దాక్కుని ఉంది. సాహితీ క్లబ్ పత్రికలో జ్యామితి వ్యాసం ఎందుకనుకునేవాళ్ళకు అదే నా జవాబు.

ఒక తెల్ల కాగితం, పెన్సిల్, స్కేలు దగ్గర పెట్టుకోండి. బొమ్మలు మీరే గీయాలి.

ముందు బొమ్మ, తర్వాత పేర్లు

కాగితం మీద ఒకదాని కింద ఒకటిగా రెండు అడ్డగీతలు గీయండి. పైది 'ప', కిందది 'క' అనుకుందాం. ఇప్పుడు ఎడమవైపు కింది నుంచి కుడివైపు పైకి వెళ్ళే ఏటవాలు గీత ఒకటి గీయండి. అది రెండింటినీ ఖండించాలి. దీని పేరు తిర్యగ్రేఖ. తిర్యక్ అంటే అడ్డంగా, వాలుగా అని.

పై ఖండన బిందువు దగ్గర నాలుగు కోణాలు వచ్చాయి. ఎడమ పైదానికి 1, కుడి పైదానికి 2, కుడి కిందిదానికి 3, ఎడమ కిందిదానికి 4 అని గడియారం ముల్లు తిరిగే దిశలో నంబర్లు వేయండి. కింది ఖండన బిందువు దగ్గర కూడా అదే వరసలో 5, 6, 7, 8 వేయండి.

ఇప్పుడు పేర్లు:

రేఖీయ ద్వయం: 1, 2 లాగా ఒకే గీత మీద పక్కపక్కన కూర్చున్న జంట. మొత్తం 180°. ఇలా మొత్తం 180° వచ్చే కోణాలు సంపూరకాలు, 90° వచ్చేవి పూరకాలు. పూరించడం అంటే నింపడమే కదా. ఒకటి సరళకోణాన్ని నింపుతుంది, ఇంకొకటి లంబకోణాన్ని నింపుతుంది.

శీర్షాభిముఖ కోణాలు: 1, 3 ఒక జంట, 2, 4 ఇంకో జంట. ఇవి ఎప్పుడూ సమానమే. కారణం చిన్నది. 1కి 2ని కలిపితే 180°, 3కి 2ని కలిపినా 180°. అంటే 1, 3 సమానం కాక తప్పదు.

సంగత కోణాలు: రెండు ఖండనల దగ్గర ఒకే స్థానంలో ఉన్నవి. 1-5, 2-6, 3-7, 4-8. ఇంగ్లీష్ మీడియంలో చదివినవాళ్ళకు ఇవే కరస్పాండింగ్ యాంగిల్స్.

ఏకాంతర కోణాలు: రెండు గీతల మధ్యలో, తిర్యగ్రేఖకు చెరోవైపున ఉన్నవి. 4-6, 3-5. ఒకటి విడిచి ఒకటి అన్నమాట.

ఒకేవైపు అంతరకోణాలు: రెండు గీతల మధ్యలో, తిర్యగ్రేఖకు ఒకేవైపున ఉన్నవి. ఎడమవైపు 4-5, కుడివైపు 3-6.

ఇక్కడ ఒక్కటి గమనించండి. శీర్షాభిముఖ కోణాలకూ రేఖీయ ద్వయానికీ గీతలు సమాంతరమా కాదా అన్నదానితో పనిలేదు. అవి ఒక్క ఖండన దగ్గరే తేలిపోతాయి. మిగతా మూడు రకాల పేర్లు కూడా కేవలం స్థానాన్ని చెప్పే పేర్లే. గీతలు సమాంతరం కాకపోయినా 4, 6 ఏకాంతర కోణాలే. అప్పుడు సమానం కావు, అంతే. పేరు వేరు, గుణం వేరు. పరీక్షలో 'ఏకాంతర కోణాలు కాబట్టి సమానం' అని రాస్తే కారణం సగమే చెప్పినట్టు. 'సమాంతర రేఖల ఏకాంతర కోణాలు కాబట్టి' అని రాయాలి.

గీతలు సమాంతరమైతే ఎనిమిది కోణాల్లో రెండే విలువలు ఉంటాయి. మన బొమ్మలో 2, 4, 6, 8 చిన్నవి. 1, 3, 5, 7 పెద్దవి. చిన్నవన్నీ ఒకదానికొకటి సమానం, పెద్దవన్నీ సమానం, ఒక చిన్నది ఒక పెద్దది కలిపితే 180°. పేర్లు మర్చిపోయినా ఇది గుర్తుంటే లెక్క ఆగదు. తిర్యగ్రేఖ లంబంగా నిలబడితే ఆ తేడా కూడా పోయి ఎనిమిదీ 90° అవుతాయి.

ఒక నియమం కాదు, రెండు

ఇప్పుడు అసలు విషయం. ఈ రెండు వాక్యాలు చూడండి.

మొదటిది: ఏకాంతర కోణాలు సమానమైతే, ఆ రెండు గీతలు ఎప్పటికీ కలవవు.

రెండోది: రెండు గీతలు ఎప్పటికీ కలవకపోతే, వాటి ఏకాంతర కోణాలు సమానం.

వినడానికి ఒకటే మాటను అటూ ఇటూ తిప్పి చెప్పినట్టుంది. కానీ ఒకటి రెండోదానికి విపర్యయం. 'వాన పడితే రోడ్డు తడుస్తుంది' నిజమైనంత మాత్రాన 'రోడ్డు తడిసి ఉంటే వాన పడినట్టే' అనలేం. మున్సిపాలిటీ ట్యాంకర్ కూడా వచ్చి ఉండవచ్చు. కాబట్టి రెండింటికీ విడివిడిగా నిరూపణ కావాలి.

మొదటి సగం: సగం చుట్టు తిప్పితే చాలు

మీ బొమ్మలో 4, 6 కోణాలు సరిగ్గా సమానంగా ఉన్నాయనుకోండి. రెండు ఖండన బిందువుల మధ్యనున్న తిర్యగ్రేఖ ముక్కకు మధ్యబిందువు గుర్తించండి. అక్కడ పెన్సిల్ మొన ఆనించి కాగితాన్ని 180° తిప్పండి.

ఏమైంది? పై ఖండన బిందువు కింది బిందువు ఉన్నచోటికి వచ్చింది, కిందది పైకి వెళ్ళింది. తిర్యగ్రేఖ తన మీద తానే పడింది. 4వ కోణం 6 ఉన్నచోటికి వచ్చింది. రెండూ సమానం కాబట్టి 'ప' గీత కచ్చితంగా 'క' మీద పడుతుంది, 'క' వెళ్ళి 'ప' మీద పడుతుంది. అంటే బొమ్మ ముందెలా ఉందో అలాగే ఉంది. కుడి ఎడమలు మాత్రం తారుమారయ్యాయి.

ఇప్పుడు ఆ రెండు గీతలు కుడివైపు ఎక్కడో దూరంగా కలుస్తాయని ఎవరైనా వాదించారనుకోండి. బొమ్మను సగం చుట్టు తిప్పితే ఆ కలిసే బిందువు ఎడమవైపుకు వస్తుంది. కానీ తిప్పిన తర్వాత ఉన్నవి కూడా ఆ రెండు గీతలే. అంటే అవి ఎడమవైపు కూడా కలవాలి. రెండు వేర్వేరు సరళరేఖలు రెండు చోట్ల కలవడం కుదరదు. రెండు బిందువుల గుండా ఒకే సరళరేఖ పోతుంది కదా. కాబట్టి అవి ఎటువైపూ కలవవు.

అయిపోయింది. కొలవలేదు, ఫార్ములా వాడలేదు. 4, 6 సమానమని చెప్పినా, 2, 6 సమానమని చెప్పినా, 3, 6 కలిపి 180° అని చెప్పినా ఒకటే. శీర్షాభిముఖ కోణాలూ రేఖీయ ద్వయమూ వాడి ఒకదాని నుంచి ఇంకోదానికి ఒక్క అడుగులో వెళ్ళిపోవచ్చు.

రెండో సగం: ఇక్కడే ఆగిపోతాం

ఇప్పుడు తిరగేద్దాం. 'ప', 'క' ఎప్పటికీ కలవవని ముందే తెలుసు. 4, 6 సమానమని చూపించాలి.

సమానం కావనుకుందాం. అప్పుడు పై ఖండన బిందువు గుండానే ఇంకో గీత గీద్దాం. 6కి సరిగ్గా సమానమైన ఏకాంతర కోణం వచ్చేలా కొంచెం వంచి గీద్దాం. దీన్ని 'కొత్త ప' అందాం. మొదటి సగం ప్రకారం 'కొత్త ప' కూడా 'క'ను ఎప్పటికీ కలవదు. అంటే ఒకే బిందువు గుండా పోతూ 'క'ను కలవని గీతలు రెండు ఉన్నాయి.

ఇది అసాధ్యం అని చెప్పాలనిపిస్తుంది. కానీ ఏ ఆధారంతో చెబుతాం? 'ఒక బిందువు గుండా ఒక రేఖకు ఒకే ఒక్క సమాంతర రేఖ గీయగలం' అని ఎవరైనా ముందే ఒప్పుకుంటే, 'ప', 'కొత్త ప' రెండూ ఒకటే అయిపోయి 4, 6 సమానమైపోతాయి. ఒప్పుకోకపోతే నిరూపణ అక్కడే ఆగిపోతుంది.

క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' గ్రంథంలో దీన్ని నిరూపించలేదు. స్వీకృతంగా పెట్టుకున్నాడు. అదే ప్రసిద్ధమైన ఐదో స్వీకృతం. దాని సారం ఇది: ఒక తిర్యగ్రేఖ రెండు గీతల్ని ఖండించినప్పుడు ఒకవైపు అంతరకోణాల మొత్తం రెండు లంబకోణాలకన్నా తక్కువైతే, ఆ గీతల్ని పొడిగిస్తూ పోతే ఆ వైపునే కలుస్తాయి. మొదటి పుస్తకంలో తొలి 28 సిద్ధాంతాలకు ఆయన దీన్ని ముట్టుకోలేదు. మన మొదటి సగం అక్కడే, 27, 28 సిద్ధాంతాల్లో ఉంది. 29వ సిద్ధాంతం మన రెండో సగం. అక్కడ మొదటిసారి ఐదో స్వీకృతాన్ని బయటికి తీశాడు. 'ఒకే ఒక్క సమాంతర రేఖ' అనే రూపం మనకు ప్లేఫెయిర్ పేరుతో తెలుసు. ఆయన పుస్తకం వచ్చింది 1795లో.

మిగతా స్వీకృతాలు ఒక్క లైనులో ఉంటాయి. ఇది మాత్రం పొడుగ్గా, సిద్ధాంతంలా ఉంటుంది. అందుకే దీన్ని మిగతావాటి నుంచి నిరూపించాలని తరతరాలుగా ప్రయత్నించారు. 1733లో సాకెరీ అనే ఇటలీ గణితవేత్త ఇది తప్పనుకుని మొదలుపెట్టి, వైరుధ్యం వస్తుందని ఆశిస్తూ బోలెడు సిద్ధాంతాలు రాబట్టాడు. 1829లో లొబచెవ్‌స్కీ, 1832లో బోల్యాయ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఇంకో దారి పట్టారు. ఒక బిందువు గుండా ఒకటికంటే ఎక్కువ సమాంతర రేఖలుంటే ఏమవుతుందో చూద్దామని ఒక కొత్త జ్యామితినే ప్రచురించారు. యూక్లిడ్ జ్యామితిలో వైరుధ్యం లేకపోతే ఇందులోనూ ఉండదని 1868లో బెల్ట్రామీ నమూనాలతో తేలింది. అంటే రెండో సగాన్ని మిగతా స్వీకృతాల నుంచి ఎవరూ నిరూపించలేరు. అది మనం ఒప్పుకున్న మాట, అంతే.

మాటలో దాక్కున్న స్వీకృతం

ఇప్పుడు మన మాటకు వద్దాం. గ్రీకులో పారలెల్ అంటే 'ఒకదాని పక్కన ఒకటి' అని అర్థం. యూక్లిడ్ నిర్వచనం 'ఒకే తలంలో ఉండి, రెండువైపులా ఎంత పొడిగించినా కలవనివి'. దూరం గురించి ఆయన ఒక్క మాటా అనలేదు.

మన మాట అలా కాదు. సమ + అంతరం, సమాంతరం. అంతరం అంటే ఎడం. ఎడం ఎక్కడ చూసినా సమానం అని పేరే చెబుతోంది. రైలు పట్టాలు, రూళ్ళ కాగితం మీది గీతలు మనసులో మెదులుతాయి.

'కలవకపోవడం', 'సమానమైన ఎడంలో ఉండటం' ఒకటేనా? మన బల్ల మీది కాగితంలో ఒకటే. కానీ ఆ రెంటినీ ఒకటి చేసేది ఐదో స్వీకృతమే. లొబచెవ్‌స్కీ జ్యామితిలో కలవని సరళరేఖలు బోలెడున్నాయి. కానీ ఎక్కడ కొలిచినా ఒకే ఎడం ఉండే రెండు సరళరేఖలు ఒక్క జత కూడా దొరకవు. ఆ లోకంలో మన 'సమాంతరం' అనే మాటకు నిలబడే చోటే లేదు!

కాబట్టి మనం తెలుగులో 'సమాంతర రేఖలు' అన్న క్షణంలోనే, తెలియకుండా, ఐదో స్వీకృతాన్ని ఒప్పుకున్నట్టే. ఇది భాష లోపం కాదు. ఆ మాట మనం బతికే చదునైన ప్రపంచాన్ని చక్కగా వర్ణిస్తుంది. కానీ నిర్వచనంలోంచి ఏది వచ్చింది, మాటలోంచి ఏది జారిపడింది అని విడదీసి చూడటం తెలియాలి. ఇంజనీరింగ్‌లో మనం వాడే 'ఆదర్శ', 'దృఢ', 'ఏకరీతి' లాంటి ప్రతి విశేషణం వెనకా ఇలాంటి ఒప్పుకోలు ఒకటి కూర్చుని ఉంటుంది.

చదునుగా లేనిచోట ఏమవుతుందో భూగోళం మీద చూడండి. రెండు రేఖాంశాలు భూమధ్యరేఖను 90° వద్ద ఖండిస్తాయి. సంగత కోణాలు సమానం. అయినా ఉత్తర ధ్రువం దగ్గర కలుస్తాయి, దక్షిణ ధ్రువం దగ్గరా కలుస్తాయి. అంటే ఇక్కడ మొదటి సగమే కూలిపోయింది. మన నిరూపణలో 'రెండు గీతలు రెండు చోట్ల కలవలేవు' అన్నాం గుర్తుందా? గోళం మీద చెల్లనిది సరిగ్గా ఆ మాటే. నిరూపణ తెలిసినవాడికి అది ఎక్కడ తెగుతుందో కూడా తెలుస్తుంది. బట్టీ పట్టినవాడికి తెలియదు.

సివిల్ బ్రాంచి మిత్రులకు ఇది నేరుగా పని. గోళం మీద త్రిభుజం కోణాల మొత్తం 180° దాటుతుంది. భూమి వ్యాసార్ధం 6371 కిలోమీటర్లు వేసి లెక్కిస్తే, సుమారు 197 చదరపు కిలోమీటర్ల వైశాల్యానికి 1 సెకను చొప్పున పెరుగుతుంది. సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. కాలేజీ గ్రౌండ్ సర్వేలో ఇది కనిపించదు. కానీ 1802లో మద్రాసు దగ్గర మొదలైన గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే లాంటి పనుల్లో ఈ అదనాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే.

ఎవరు ఏ సగం వాడుతున్నారు?

ఏ సమస్యలోనైనా ఈ ప్రశ్న వేసుకోవడం అలవాటు చేసుకోండి. కోణాల నుంచి సమాంతరానికి వెళ్తున్నామా? సమాంతరం నుంచి కోణాలకు వెళ్తున్నామా?

ఫస్టియర్ డ్రాయింగ్ క్లాసులో రెండు సెట్ స్క్వేర్లు తీసుకుని, ఒకదాన్ని కదలకుండా నొక్కిపెట్టి, రెండోదాన్ని దాని అంచు వెంట జరుపుతూ గీతలు గీస్తాం. కదలని అంచు తిర్యగ్రేఖ. జరిగే సెట్ స్క్వేర్ కోణం మారదు, అంటే సంగత కోణాలు సమానం. కాబట్టి గీతలు సమాంతరం. ఇది మొదటి సగం.

మినీ డ్రాఫ్టర్ కొంచెం వేరు. అందులో రాడ్లతో చేసిన రెండు సమాంతర చతుర్భుజాలు వరసగా ఉంటాయి. ఎదురెదురు భుజాల పొడవులు సమానం కాబట్టి, ఎంత కదిపినా బోర్డుకు బిగించిన భుజానికి మధ్య భుజం, మధ్య భుజానికి స్కేళ్ళున్న భుజం సమాంతరంగానే ఉంటాయి. అందుకే స్కేలు బోర్డంతా తిరుగుతుంది కానీ వాలు మారదు. మధ్యలో నాబ్ వదులైతే కోణం జారిపోయి షీటంతా పాడయ్యేది కూడా ఇందుకే.

రెండో సగానికి అందమైన ఉదాహరణ క్రీ.పూ. మూడో శతాబ్దపు ఎరటోస్తనీస్. ఈజిప్టులోని సయీన్‌లో, అంటే నేటి అస్వాన్‌లో, ఏడాదిలో అతి పొడవైన పగటి రోజున మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అదే రోజు ఉత్తరాన అలెగ్జాండ్రియాలో నిటారు కర్రకు నీడ పడింది. కిరణానికీ కర్రకూ మధ్య కోణం పూర్తి వృత్తంలో 50వ వంతు, అంటే 7.2°. కిరణాలు సమాంతరం అనుకుందాం. అలెగ్జాండ్రియా కర్రను భూకేంద్రం దాకా పొడిగిస్తే అది తిర్యగ్రేఖ. కర్ర కొన దగ్గరి కోణమూ, భూకేంద్రం దగ్గరి కోణమూ ఏకాంతరాలు, కాబట్టి సమానం. రెండు ఊళ్ళ మధ్య దూరం 5000 స్టేడియాలు అయితే భూమి చుట్టుకొలత దానికి 50 రెట్లు, 2,50,000 స్టేడియాలు.

కిరణాలు నిజంగా సమాంతరమా? సూర్యుడి దూరం 15 కోట్ల కిలోమీటర్లు, ఊళ్ళ మధ్య దూరం సుమారు 800 కిలోమీటర్లు. సూర్యుడి మీది ఒకే బిందువు నుంచి ఆ రెండు ఊళ్ళకు వచ్చే కిరణాల మధ్య తేడా 1 సెకను కోణం ప్రాంతంలో ఉంటుంది. కర్ర నీడతో దాన్ని పట్టుకోలేం. ఒప్పుకోలు ఎంత ఖర్చవుతుందో లెక్కకట్టి మరీ ఒప్పుకోవడం అంటే ఇదే.

మనమూ చేయవచ్చు. హైదరాబాద్‌లో మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదటి వారంలోనూ సూర్యుడు నడినెత్తికి వచ్చి, నిటారు కర్రకు నీడ మాయమయ్యే రోజు ఉంటుంది. ఆ రోజు తిరుపతిలో ఉన్న మిత్రుడు మీటరు కర్రను నిటారుగా నిలబెట్టి, నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు కొలవాలి. సుమారు 6.5 సెంటీమీటర్లు రావాలి. అంటే కోణం 3.75°. అది వృత్తంలో 96వ వంతు. మ్యాపులో రెండు ఊళ్ళ మధ్య ఉత్తర దక్షిణ దూరం చూస్తే 417 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. 96తో గుణిస్తే 40 వేల కిలోమీటర్లు. కర్ర నిటారుగా ఉందో లేదో తూకం గుండుతో చూసుకోవడం మర్చిపోకండి. కోణం చిన్నది కాబట్టి కర్ర ఒక్క డిగ్రీ వంగినా సమాధానం ఎటో పోతుంది.

ఎంజీ సైన్ థీటానా, కాస్ థీటానా?

ఇంటర్ ఫిజిక్స్ నుంచి ఇంజనీరింగ్ మెకానిక్స్ దాకా వెంటాడే సందేహం ఇది. వాలుతలం మీద దిమ్మె ఉంది. వాలు కోణం థీటా. బరువుకూ నార్మల్‌కూ మధ్య కోణం కూడా థీటాయే అని బొమ్మలో వేసేస్తాం. ఎందుకు?

బరువు గీతను నిట్టనిలువుగా కిందికి పొడిగించండి. అది వాలును ఒక బిందువు దగ్గర దాటి, నేలను 90° వద్ద తాకుతుంది. వాలు మొదలు, ఆ దాటిన బిందువు, నేల మీది బిందువు కలిపి ఒక లంబకోణ త్రిభుజం. అందులో ఒక కోణం థీటా, ఒకటి 90°. కాబట్టి వాలుకూ బరువు గీతకూ మధ్య కోణం 90° − థీటా. ఇప్పుడు ఆ దాటిన బిందువు దగ్గరే వాలుకు లంబం గీయండి. లంబానికీ వాలుకూ మధ్య 90°. అందులో 90° − థీటా బరువు గీత తీసేసుకుంది. మిగిలింది థీటా. అసలు నార్మల్ ఈ లంబానికి సమాంతరం కాబట్టి సంగత కోణం కూడా థీటాయే.

అనుమానం వస్తే థీటాను సున్నా చేసి చూడండి. చదునైన బల్ల మీద దిమ్మె జారదు. కాబట్టి వాలు వెంట ఉండే అంశం సున్నా కావాలి, అంటే సైన్. ఇందులో త్రిభుజం కోణాల మొత్తం 180° అన్నది వాడాం. ఆ మొత్తం ఎలా వస్తుంది? శీర్షం గుండా ఎదుటి భుజానికి సమాంతరంగా గీత గీసి, రెండు ఏకాంతర కోణాల్ని పైకి తెచ్చుకుంటే సరళకోణం నిండుతుంది. అంటే రెండో సగం, అంటే ఐదో స్వీకృతం. ప్రతి ఫ్రీ బాడీ డయాగ్రమ్ అడుగునా ఆయన సంతకం ఉంది.

మూడు లెక్కలు

లెక్క 1: సమాంతర రేఖల మధ్య రెండు కోణాలు 3య + 15, 5య − 25 డిగ్రీలు. 'య' ఎంత?

ముందు స్థానం అడగాలి. ఏకాంతర కోణాలైతే సమానం: 2య = 40, య = 20, రెండు కోణాలూ 75°. ఒకేవైపు అంతరకోణాలైతే మొత్తం 180°: 8య − 10 = 180, య = 23.75, కోణాలు 86.25°, 93.75°. అంకెలు అవే, స్థానం మారితే జవాబు మారింది. బొమ్మ చూడకుండా సమీకరణం రాయకండి.

లెక్క 2: రెండు సమాంతర రేఖల మధ్య మోచేయిలా వంగిన గీత. పై రేఖ మీది బిందువు నుంచి కుడివైపు కిందికి 35° కోణంలో వచ్చింది. కింది రేఖ మీది బిందువు నుంచి కుడివైపు పైకి 50° కోణంలో ఇంకొకటి వచ్చింది. రెండూ కలిసిన మోచేయి దగ్గర కోణం ఎంత?

ఇక్కడ తిర్యగ్రేఖ లేదు, అందుకే చాలామంది ఆగిపోతారు. మోచేయి గుండా మూడో సమాంతర రేఖ గీయండి. కోణం రెండు ముక్కలైంది. పై ముక్క 35°కి ఏకాంతరం, కింది ముక్క 50°కి ఏకాంతరం. మొత్తం 85°. లేని గీతను తెచ్చి గీయడమే ఇందులో కీలకం. వంపులు రెండు మూడు ఉన్నా ప్రతి వంపు దగ్గరా ఒక సమాంతర రేఖ గీస్తే చాలు.

లెక్క 3: రెండు గీతల్ని తిర్యగ్రేఖ 10 సెంటీమీటర్ల ఎడంలో ఖండించింది. కుడివైపు అంతరకోణాలు 70°, 108°. గీతలు సమాంతరమా?

మొత్తం 178°. కాదు. ఐదో స్వీకృతం ప్రకారం కుడివైపు కలుస్తాయి. ఎక్కడ? ఏర్పడే త్రిభుజంలో మూడో కోణం 2°. సైన్ సూత్రం వేస్తే కలిసే చోటు రెండు ఖండన బిందువుల నుంచీ సుమారు 2.7 మీటర్ల దూరం. మీ నోట్‌బుక్కు పేజీలో ఈ రెండు గీతలూ అచ్చం సమాంతరంగా కనిపిస్తాయి. పేజీ దాటి, బల్ల దాటి, బహుశా గది గోడ దగ్గర కలుస్తాయి. అందుకే 'బొమ్మలో అలా కనిపించింది' అనేది కారణం కాదు. కంటికి 2° తెలియదు. కోణాల మొత్తానికి తెలుస్తుంది.

మీకోసం

ఒకదానికొకటి సమాంతరంగా ఎదురెదురుగా పెట్టిన రెండు అద్దాల మీద కిరణం పడి, రెండుసార్లు పరావర్తనం చెంది బయటికి వచ్చింది. లోపలికి వచ్చిన కిరణం, బయటికి పోయిన కిరణం సమాంతరమని చూపించండి. పెరిస్కోప్ పనిచేసేది దీనిమీదే. ఇందులో రెండు సగాలూ వాడాలి. అద్దాలు సమాంతరం కాబట్టి వాటి మధ్య పోయే కిరణం దగ్గర కోణాలు సమానం. ఆ తర్వాత కోణాలు సమానం కాబట్టి కిరణాలు సమాంతరం. ప్రతి లైను పక్కనా 'మొదటి సగం' లేదా 'రెండో సగం' అని రాసుకోండి. ఎక్కడ ఏది వాడారో తేడా లేకుండా చెప్పగలిగితే మీకు ఈ పాఠం వచ్చినట్టే.